ఆరుబయట నిల్వ: విస్తీర్ణంతో పాటు అడగాల్సినవి

అందరికీ నమస్కారం.

కొత్త ఫ్యాక్టరీ కడతామని దరఖాస్తు వస్తే, ఏ స్థలాన్ని దేనికి వాడుకోవచ్చో తేల్చే జోనింగ్ కమిటీలో అందరూ నిటారుగా కూర్చుంటారు. పొగ ఎటు పోతుంది, శబ్దం ఎంత, మురుగునీరు ఎక్కడ కలుస్తుంది అని గంటలకొద్దీ అడుగుతారు. ఉన్న ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో ఇంకాస్త సరుకు పెట్టుకుంటామంటే మాత్రం ఫైలు చకచకా కదిలిపోతుంది. గోడ కట్టడం లేదు, కప్పు వేయడం లేదు, ఎలాగూ పారిశ్రామిక జోనే, ఇక అభ్యంతరం ఏముంటుంది అనుకుంటారు. నన్ను భయపెడుతున్నది ఈ తేలికభావమే.

గోదాముకు గోడలే హద్దు. ఎంత కుక్కినా అంతకు మించి పట్టదు. ఆరుబయట నిల్వకు ఆ హద్దు లేదు. ప్లాన్‌లో గీసిన గడి అంతే ఉంటుంది, దాని మీద గుట్ట పెరుగుతూ పోతుంది. ఈ ఏడాది ఇనుప పైపులున్న చోట వచ్చే ఏడాది ప్లాస్టిక్ బేళ్లు చేరవచ్చు. పైగా చాలా చోట్ల ఇలాంటి నిల్వకు షరతులతో ఇచ్చే అనుమతి యజమానికి కాక నేలకు వర్తిస్తుంది. స్థలం చేతులు మారితే అనుమతి కూడా కొన్నవాళ్లకు పోతుంది. ఇవాళ మన ముందున్న యజమాని ఎంత పద్ధతైన మనిషైనా, రేపు వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో మనం చెప్పలేం.

కెనడాలోని ఒంటారియోలో, హేగర్స్‌విల్ దగ్గర, 1990 ఫిబ్రవరిలో పాత టైర్ల యార్డుకు నిప్పంటుకుంది. అక్కడ ఉన్నవి కోటికి పైగా టైర్లు. మంట అదుపులోకి రావడానికి 17 రోజులు పట్టింది, చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. టైరు కాలితే నూనె కారుతుంది. ఆర్పడానికి కొట్టిన నీళ్లతో కలిసి ఆ నూనె ఇంకా దూరం పారుతుంది, నేలలోకీ దిగుతుంది. గుట్టల మధ్య బాటలు లేకపోతే ఫైరింజన్ లోపలికి పోలేదు, మంట మాత్రం ఒక గుట్ట మీంచి ఇంకో గుట్ట మీదికి సులువుగా పోతుంది. అమెరికాలో చాలా చోట్ల పాటించే అగ్ని భద్రతా నియమావళి, అంతర్జాతీయ ఫైర్ కోడ్, ఫైరింజన్ దారికి 20 అడుగుల వెడల్పు ఉండాలంటుంది, అంటే సుమారు 6 మీటర్లు. ఆ దారి ప్లాన్‌లో గీతగా ఉంటే చాలదు, సరుకు ఎక్కువైన రోజున కూడా నేల మీద ఖాళీగా ఉండాలి.

సరుకు ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2015 ఆగస్టు 12 రాత్రి చైనాలోని తియాన్‌జిన్ రేవులో, ఆరుబయట కంటైనర్లలో ఉన్న నైట్రోసెల్యులోజ్ అనే తేలికగా మండే రసాయనం తడి ఆరిపోయి, వేడికి తనంతట తానే అంటుకుంది. ఆ మంట అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనానికి చేరి, అది పేలిపోయింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 173 మంది. కిలోమీటరు లోపలే జనం కాపురమున్న అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అందుకే "సాధారణ పారిశ్రామిక సామగ్రి" అని దరఖాస్తులో రాసి ఉంటే నేను ఒప్పుకోను. పేర్లు పెట్టి రాయాలి.

నీటి సంగతి. "కంకర పరుస్తున్నాం, వాన ఇంకిపోతుంది" అని దరఖాస్తుదారులు నమ్మకంగానే చెబుతారు. లారీలు తిరిగి తిరిగి అణగ్గొట్టాక ఆ కంకర నేల సిమెంటు నేలలాగే నీళ్లను బయటికి తోసేస్తుంది. జింకు పూత వేసిన రేకుల మీంచి జింకు, యంత్రాల కింది నుంచి నూనె, అన్నీ ఆ నీళ్లతో పోతాయి. వాలు ఎటు ఉంది, చివర్లో నీళ్లను ఆపి తేర్చే గుంట ఉందా అని అడగండి. టైర్లయితే దోమల సంగతి కూడా అడగాలి. డెంగీని వ్యాపింపజేసే ఆసియా టైగర్ దోమ 1985లో అమెరికాలోని టెక్సస్‌లో స్థిరపడినట్టు కనిపించింది. దిగుమతి చేసుకున్న పాత టైర్లలో నిలిచిన నీటితో అది వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా.

ఇదంతా అనుమతి ఇవ్వొద్దని చెప్పడానికి కాదు. సరుకు ఎక్కడో ఒకచోట ఉండాలి, పారిశ్రామిక జోన్ అందుకే ఉంది. ఇక్కడ కాదంటే ఏ అనుమతీ లేని ఖాళీ జాగాలోకి చేరుతుంది, అది ఇంకా చెడ్డది. నేనడిగేది తనిఖీకి నిలబడే షరతులు. "నిల్వను శుభ్రంగా ఉంచాలి" అని రాస్తే అధికారీ తేల్చలేడు, యజమానీ తేల్చలేడు. "గుట్ట ప్రహరీ ఎత్తు దాటకూడదు" అని రాస్తే రోడ్డు మీద నిలబడ్డ ఎవరైనా చెప్పగలరు. చెట్ల వరుస, ప్రహరీ రంగు గురించి మన సమావేశాల్లో చాలా సమయం పోతోంది. ఆ సమయంలో సగం ఎత్తుకూ, సరుకు జాబితాకూ, బాటలకూ ఇవ్వండి.

తనిఖీ ఎప్పుడో కూడా అనుమతి పత్రంలోనే రాయండి. మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి, యార్డు నిండుగా ఉండే కాలంలో మరోసారి. ఏ సరుకు, ఎంత ఎత్తు, ఏ బాట ఖాళీగా ఉండాలి అన్నది ఒకే పేజీలో గేటు దగ్గర పెట్టమనండి. అర్ధరాత్రి వచ్చే అగ్నిమాపక సిబ్బందికి ముందు కావాల్సింది ఆ పేజీయే.