ఇన్‌వర్డ్ నంబరు తీసుకున్నావా?

హోస్ట్: నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న అక్క ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది, రెండేళ్ళుగా పీజీ, రీసెర్చ్ వాళ్ళ తరఫున ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. అక్కా, దీంట్లోకి ఎట్లా వచ్చావు?

అక్క: మెస్ బిల్లు వల్ల. మా హాస్టల్లో ఏడుగురికి ఆరు నెలలుగా ఫెలోషిప్ పడలేదు. జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ మొదలుపెట్టినవాళ్ళకిచ్చే ఫెలోషిప్, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ అది చేతికే రానప్పుడు మెస్ బకాయి మీద ఫైన్ ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి? కుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె రాత్రి అన్నానికి రావడం మానేసింది. అడిగితే, ఆకలి లేదక్కా అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హోస్ట్: అప్పుడేం చేశారు?

అక్క: ఒక్క పేజీ అర్జీ, ఏడు సంతకాలు. ఆఫీసుకు పోతే, సార్ మీటింగులో ఉన్నారు, కాయితం అక్కడ పెట్టి పొండి అన్నారు. ఇన్‌వర్డ్ నంబరు, అంటే కాయితం అందిందని ఆఫీసువాళ్ళు రిజిస్టర్లో రాసుకుని ఇచ్చే నంబరు, అది లేకుండా బయటికి రావద్దని మా సీనియర్ ముందే చెప్పి పంపించాడు. జిరాక్స్ మీద ముద్ర కొట్టమన్నా, సిరా ఆరిపోయి సగమే పడింది, సరే అని నంబరూ తేదీ పెన్నుతో రాయించుకున్నా. నాలుగో రోజు పోయి ఆ నంబరు చెప్తే, ఫైలు ఏ టేబుల్ మీదుందో రెండు నిమిషాల్లో తెలిసింది. ఫెలోషిప్ వచ్చేదాకా ఫైన్ వేయొద్దని ఆర్డరు ఇచ్చారు. డబ్బు మాత్రం ఇంకో రెండు నెలలకు గానీ పడలేదు.

హోస్ట్: విద్యార్థి సంఘం ఎన్నికలే లేవు కదా, నిన్ను ప్రతినిధి అని ఎవరు ఒప్పుకుంటారు?

అక్క: ఎన్నికలు జరగాల్సిందే. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫారసుల్ని అమలు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, రీసెర్చ్ వాళ్ళు 28 ఏళ్ళ దాకా పోటీ చేయొచ్చని అందులో ఉంది. అప్పటిదాకా ఉన్న దారులు వాడుకోవాలి. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2023లో తెచ్చిన రూల్స్ ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీలో ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితులుగా కూర్చోబెట్టాలి, ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. లైంగిక వేధింపులు విచారించే అంతర్గత కమిటీలో అయితే, యూజీసీవే 2015 రూల్స్ ప్రకారం, విద్యార్థుల విషయం వచ్చినప్పుడు డిగ్రీ, పీజీ, రీసెర్చ్ నుంచి ఒక్కొక్కరు ఉండాలి, అదీ ఎన్నికైనవాళ్ళు. మీ క్యాంపస్‌లో ఆ ముగ్గురూ ఎవరో ఒకసారి అడగండి.

హోస్ట్: గైడ్‌కి కోపం వస్తుందేమోనని టెన్షన్ ఉండదా?

అక్క: ఎందుకుండదు, థీసిస్ మీద ఆయన సంతకం పడాలి కదా. ఇంకొకరి నోట వినకూడదని ముందే నేనే పోయి చెప్పాను. ఒక్కరి పేరుతో అర్జీ ఎప్పుడూ ఇవ్వం. పీజీ వాళ్ళకైతే ఇంకో కష్టం, విషయం అర్థమయ్యేసరికి రెండేళ్ళూ అయిపోతాయి, అందుకే ఎక్కడికి పోయినా ఒక జూనియర్‌ని వెంటబెట్టుకుని పోతాను, కాపీలన్నీ ఒకే ఫైల్లో ఉంచుతాను.

హోస్ట్: ఆ ఫైలు ఇప్పుడెవరి దగ్గరుంది?

అక్క: ఆ కుప్పం అమ్మాయి దగ్గర. లైబ్రరీ ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని నిన్న తనే అర్జీ రాసి ఇచ్చింది. నంబరు ఇంకా వేయలేదట, రేపు పొద్దున మళ్ళీ పోతోంది.