ఇంజన్ బెల్ట్ మార్చాలా? ముందు ఒక ఫొటో తీయండి

[బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్ చల్లగా ఉంది, తాళం జేబులో ఉంది.]

బెల్ట్ తీయడానికి రెండు నిమిషాలు పట్టదు. అసలు టెన్షన్ అంతా తిరిగి ఎక్కించేటప్పుడే. పాతది చేతికొచ్చాక "ఇది ఏ పుల్లీ కిందనుంచి వెళ్లిందబ్బా!" అని బుర్ర గోక్కోకుండా, స్పానర్ పట్టుకునే ముందే బెల్ట్ దారి మొత్తం కనబడేలా ఫొటో తీసుకోండి. బానెట్ కింద ఆ దారి గీసిన స్టిక్కర్ ఉన్నా సరే, తీయండి.

[పుల్లీల మీదుగా వేలు కదులుతుంది.]

పాములా మెలికలు తిరుగుతుంది కాబట్టే దీన్ని సర్పెంటైన్ బెల్ట్ అంటారు. కింద ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ తిరిగితే ఈ ఒక్క బెల్టే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా కార్లలో వాటర్ పంపుని కూడా తిప్పుతుంది. వాటర్ పంపు దీని మీదే ఉంటే, బెల్ట్ తెగాక బండి నడపకండి. ఇంజన్ వేడెక్కిపోతుంది.

పగుళ్లు లేవు కదా, బాగానే ఉందనుకోకండి. పాతకాలం రబ్బరు పగిలేది. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు పగలకుండానే గాడుల్లో అరిగిపోతుంది.

[టెన్షనర్ దగ్గరగా.]

ఇదిగో టెన్షనర్, బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఇదే. లోపల గట్టి స్ప్రింగ్ ఉంటుంది. పొడవాటి హ్యాండిల్ తగిలించి, బెల్ట్ వదులయ్యే వైపుకి తిప్పి పట్టుకోండి. రెండో చేత్తో ఏదైనా ఒక పుల్లీ మీంచి బెల్ట్ జార్చండి. తర్వాత టెన్షనర్‌ని మెల్లగా వదలండి. ఒక్కసారిగా వదిలితే వేళ్లు నలుగుతాయి. కొన్ని కార్లలో ఈ స్ప్రింగ్ ఉండదు, బోల్టుతో బిగిస్తారు. ఇంకొన్నింటిలో సాగే బెల్ట్ ఉంటుంది, దానికి వేరే పనిముట్టు కావాలి.

బెల్ట్ లేనప్పుడే ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే ఉత్త పుల్లీ), టెన్షనర్ పుల్లీలను చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. కొత్త బెల్ట్ వేసినా ఆ గోల పోదు.

కొత్త బెల్ట్ మీద నంబరు చూడండి. 6పీకే1200 అంటే 6 రిబ్బులు (బెల్ట్ పొడవునా ఉండే సన్నటి గట్లు), 1200 మిల్లీమీటర్ల పొడవు. పాతదాని పక్కన పెట్టి పోల్చుకోండి. పాతది కాస్త సాగి ఉండొచ్చు, కంగారు పడకండి.

[కొత్త బెల్ట్ ఎక్కుతోంది.]

రిబ్బులున్న వైపు గాడుల పుల్లీల మీద, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీద కూర్చోవాలి. అందరూ పొరపడేది ఇక్కడే. రిబ్బుకీ రిబ్బుకీ మధ్య మూడున్నర మిల్లీమీటర్లే, అందుకే ఒక గాడి పక్కకి జరిగినా పైనుంచి కనబడదు. ప్రతి పుల్లీ అంచు మీద గోరు పెట్టి తడమండి. ఒకవైపు ఖాళీ గాడి తగిలిందా, బెల్ట్ పక్కకి కూర్చున్నట్టే.

ఇప్పుడు చేతులూ పనిముట్లూ బయటికి తీసి, ఒక్క నిమిషం ఇంజన్ నడపండి. ఆపేశాక, ఆ గాడుల్ని ఇంకోసారి తడమండి.