డో, నదో: వెల్ష్‌లో నిన్నటి సంగతి అడగడం

అందరికీ నమస్కారం. మనలో చాలామంది ఉద్యోగాల కోసమే వేల్స్‌కి వచ్చాం. ఇంగ్లీషుతో పని జరిగిపోతుంటే ఇక్కడి వెల్ష్ భాష ఎందుకని నేనూ మొదట్లో అనుకున్నాను. నా మనసు మార్చింది మా ఆసుపత్రి వార్డులో ఉన్న ఒక పెద్దావిడ.

పొద్దున్నే ఇంగ్లీషులో "టిఫిన్ తిన్నారా?" అని అడిగితే "యెస్" అని కళ్ళు మూసుకుంది. ట్రే చూస్తే ఏదీ ముట్టుకున్నట్టు లేదు. అప్పటికి నాకు వచ్చిన కాస్త వెల్ష్‌లో మళ్ళీ అడిగాను: "గౌసోఖ్ ఖీ వ్రెక్వాస్ట్?" ఆవిడ కళ్ళు తెరిచి, నా వైపు తిరిగి, "నదో. ఖెస్ ఈ దిమ్ బీడ్" అంది. లేదమ్మా, నేనేమీ తినలేదు అని. వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు 2021 జనగణనలో సుమారు 5,38,000 మంది. వాళ్ళలో ఎంతోమందికి అది అమ్మ ఒడిలో వచ్చిన భాష.

ఆ "నదో" గురించే ఈరోజు చెబుతాను. వెల్ష్‌లో అన్నిటికీ పనికొచ్చే "అవును" అంటూ ఒకటి లేదు. ఇప్పటి సంగతి అడిగితే జవాబులో క్రియ తిరిగి రావాలి, మనిషిని బట్టి మారాలి. జరిగిపోయిన పని గురించి అడిగితే మాత్రం ఆ బాధ లేదు. నువ్వు వెళ్ళావా, ఆవిడ వెళ్ళిందా, వాళ్ళు వెళ్ళారా, దేనికైనా అవునంటే "డో", లేదంటే "నదో". మనకిది కొత్త కాదు. నేను తినలేదు, వాళ్ళు తినలేదు అంటాం. మనిషి మారినా "తినలేదు" మారదు కదా. "నదో"లో ద పలికేటప్పుడు నాలుక పళ్ళ మధ్యకి రావాలి, అంతే.

అసలు చిక్కు ప్రశ్నలో ఉంది. మనం చివర్లో "ఆ" చేర్చి అడుగుతాం. వెల్ష్ వాళ్ళు మొదటి అక్షరాన్ని మెత్తబరుస్తారు. "తీసుకున్నారు" అనే "కౌసోఖ్" ప్రశ్నలో "గౌసోఖ్" అవుతుంది. కొన్నావా అనడానికి "ప్రనైస్ట్" కాస్తా "బ్రనైస్ట్". కూర, కాయలు కలిస్తే కూరగాయలు, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అయినట్టే. పూర్వం క్రియ ముందు "అ" అనే చిన్న ప్రశ్నార్థక పదం ఉండేది. మాటల్లో అది జారిపోయినా, అది తెచ్చిన మార్పు నిలిచిపోయింది. అందుకే వెల్ష్ వినేటప్పుడు చెవి వాక్యం మొదట్లో పెట్టండి.

ఒకచోట జాగ్రత్త. "నిన్న వాన పడుతూ ఉండిందా?" అని, అప్పటి పరిస్థితి అడిగితే "ఓయ్ద్ హీన్ బూరు గ్లావ్ దోయ్?" అంటారు. దానికి "డో" చెల్లదు, "ఓయ్ద్" అనే చెప్పాలి. పని ముగిసిందా, సాగుతూ ఉందా అన్నదే తేడా. నాకిది పట్టుబడడానికి చాలా నెలలు పట్టింది, మీరు తప్పు పలికినా టెన్షన్ పడకండి.

ఇంకొక్క మాట. పెద్దవాళ్ళతో "టీ" అనకండి, అది మన "నువ్వు". "ఖీ" అంటే "మీరు". ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి అడగండి: "గౌసోఖ్ ఖీ వ్రెక్వాస్ట్?"