భీముని కొలను దిగేటప్పుడు

శ్రోతలకు నమస్కారం. నల్లమలలో కాలినడకన శ్రీశైలం వెళ్లే దారి గురించి చెప్పమన్నారు. నాకున్నది ఐదారు నిమిషాలు. నాగలూటిలో తెల్లవారకముందే లేచి బయల్దేరితే శ్రీశైలం చేరేసరికి నాకు రాత్రి తొమ్మిదయింది. అంత దారి ఈ ఐదారు నిమిషాల్లో ఎక్కడ పడుతుంది? ఒక్క చోటు చెబుతాను. భీముని కొలను.

దారి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం. అక్కణ్ణుంచి అడవి. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. బస్సులు లేని రోజుల్లో జనం నడిచిన దారి. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు మీదుగా ఈ వైపునుంచే మల్లన్న దర్శనానికి వెళ్లారు. ఇప్పుడిది పులులుండే రక్షిత అడవి. మామూలు రోజుల్లో పోనివ్వరు. శివరాత్రికీ, ఉగాదికీ వదులుతారు. శివరాత్రికి మనవాళ్లు ఎక్కువ. ఉగాదికి దారంతా కన్నడమే.

నేను వెళ్లింది ఉగాదికి. ముందురోజు రాత్రి నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర దుప్పటి పరుచుకుని పడుకుంటే, నా చుట్టూ రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట్ వైపు జనం. అప్పటికే ఎన్నో రోజులుగా నడుస్తున్నారు. కొందరి భుజాన కంబి, అంటే కావడి. ఒకతను కర్రకాళ్లు కట్టుకుని వచ్చాడు, ఆ రాళ్లలో! వాళ్లకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. పండక్కి ఆడపడుచుకు చీరె, గాజులు పెట్టకుండా ఎట్లా?

పొద్దున చల్లగా ఉంది. కొత్త బూట్లు, వీపున సంచి. నేను జోరు మీద ఉన్నాను. తలమీద మూట పెట్టుకుని ఒట్టికాళ్లతో నడుస్తున్న ఒక పెద్దావిణ్ని దాటుకుని పోతుంటే, ఆవిడ నా వైపు చూసి అంది, "సావకాశ, తమ్మా, సావకాశ." మన సావకాశమే. ఉత్తర కర్ణాటకలో ఆ మాటను మెల్లగా అనే అర్థంలో వాడతారు. నేను నవ్వి ముందుకు పోయాను.

పెచ్చెరువు దాకా నాదే పైచేయి. అక్కడ ఎవరో పుణ్యాత్ములు పెట్టిన పులిహోర కడుపు నిండా తిన్నాను, అదొక తప్పు. పది దాటాక ఎండ మొదలైంది. చెట్లన్నీ ఆకు రాల్చేసి నిలబడ్డాయి, నీడ లేదు. కింద రాయి కాలుతోంది, పైన ఎండ కాలుస్తోంది. అట్లా అట్లా మధ్యాహ్నానికి భీముని కొలను అంచుకు చేరాను.

కొలను అంటే తామరపూల కొలను అనుకునేరు. లోతైన లోయ. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టి నీళ్లు తెప్పించాడని కథ. లోయలోకి దిగడానికి రాతి మెట్లు. రెడ్డిరాజుల కాలంలో వేశారంటారు. ఒక మెట్టు జానెడు, ఇంకో మెట్టు మోకాలెత్తు. పాదాల రాపిడికి నున్నగా మెరుస్తున్నాయి. పైనుంచి చూసి నేననుకున్నాను: హమ్మయ్య, దిగుడు. ఇంక సుఖం.

అక్కడే మోసపోయాను. టకటకా దిగాను. వంద మెట్లు బాగానే ఉంది. తర్వాత తొడలు వణకడం మొదలైంది. ఆగితే వణుకు, నడిస్తే వణుకు. బూటు ముందుకొసకు బొటనవేలు తన్నుకుని తన్నుకుని, లోపల గోరు మంట. చివరికి ఒక మెట్టు మీద చతికిలబడ్డాను.

వెనకనుంచి గాజుల చప్పుడు. ఆవిడే. ఆవిడ దిగే తీరు చూశాను. ఎదురుగా దిగడం లేదు. పక్కకు తిరిగి, మోకాలు కొంచెం వంచి, ఒక పాదం ఆనించి, రెండోది తెచ్చి దాని పక్కన పెట్టి, అప్పుడు మరో మెట్టు. చంటిపిల్లలు మెట్లు దిగుతారే, అచ్చం అట్లా. నా పక్కన కూర్చుని మూట విప్పింది. పైన చీరె, గాజుల డబ్బా. కింద ఎండు జొన్నరొట్టె, శనక్కాయల పొడి. సగం రొట్టె విరిచి నా చేతిలో పెట్టింది. ఈసారి ఏమీ అనలేదు. అనాల్సిన పనీ లేదు.

తర్వాత తెలిసిన ఒక డాక్టరుగారిని అడిగాను. ఎక్కేటప్పుడు గుండెకూ, ఊపిరికీ పని. ఆయాసం వస్తే మనమే ఆగుతాం. దిగేటప్పుడు ఆయాసం రాదు, అందుకని ఆగం. కానీ ఒంటి బరువు కిందికి జారకుండా తొడ కండరం సాగుతూనే పట్టి ఉంచాలి. అట్లా పట్టీ పట్టీ లోపల సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి బాగా తెలిసేది మర్నాడు, ఎల్లుండి.

అందుకని ఒక్క మాటే చెబుతున్నాను. ఈ దారిన వెళ్లాలనుకుంటే, రెండు వారాల ముందునుంచి మీ ఇంటి మెట్లు దిగండి. ఎక్కడం సరే, దిగడం. రోజూ కాసేపు, మెల్లగా, పక్కకు తిరిగి. కాలిగోళ్లు పొట్టిగా తీసుకోండి. దిగుడు రాగానే బూటు తాడు బిగించండి, వేలు ముందుకు తన్నుకోదు. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడకండి.

కొలను నుంచి కైలాసద్వారం దాకా మళ్లీ మెట్లే, నిట్టనిలువునా. ఆవిడ వెనకే ఎక్కాను. ఆవిడ ఆగితే ఆగాను. పైకి చేరాక చీకట్లో, గుంపులో, ఎక్కడో తప్పిపోయింది.

మర్నాడు తిరుగు బస్సు మా ఊళ్లో ఆగింది. మూడంటే మూడు మెట్లు. కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక పాదం, దాని పక్కన రెండో పాదం. వెనక జనం గోల. కండక్టరు మాత్రం, "సావకాశంగా దిగండి సార్" అన్నాడు.