పన్నెండు పండ్ల షరతు

సభాధ్యక్షులు గారికి, గ్రంథాలయ కార్యదర్శి గారికి, వేదిక మీది పెద్దలకు, నా పాత విద్యార్థులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లకు కూడా. మీరు తరగతిలోనూ అక్కడే ఉండేవారు, నాకు గుర్తుంది. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. ఇది నాకు ఏడో శాలువా. వచ్చే ఏడాది ఎవరినైనా పిలిస్తే ఒక పుస్తకం ఇవ్వండి, గ్రంథాలయం కదా. సరే, ఆ సంగతి చివర్లో.

గ్రంథాలయ వారోత్సవాలకు నాకు ఇచ్చిన అంశం ‘ఫ్రాన్సు: కళలు, సంస్కృతి, పర్యాటకం’. ఆరు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీలో ఈఫిల్ టవర్ ఉంది, 1889లో కట్టారని కూడా ఉంది. ఆ పేజీ చదవను. దాన్ని మీరందరూ ఫోనుల్లో చూసే ఉంటారు. నేను మాట్లాడాలనుకున్నది ఒక పండు గురించి.

ముందు ఒక ఫిర్యాదు చెప్పుకోనివ్వండి, లేకపోతే నాకు మనసు కుదుటపడదు. ఎనిమిదేళ్ల క్రితం మావారూ నేనూ ఒక యాత్రల కంపెనీతో యూరప్ వెళ్లాం. పదకొండు రోజులు, అయిదు దేశాలు, నలభై మంది, ఒక బస్సు. కార్యక్రమ పత్రంలో ‘ప్రోవాన్స్ గ్రామీణ సంత దర్శనం’ అని ఒక వాక్యం ఉంది. ప్రోవాన్స్ అంటే ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ప్రాంతం. ఆ ఒక్క వాక్యం కోసమే నేను డబ్బు కట్టాను. మా బస్సు అక్కడికి ఎన్నింటికి చేరిందో తెలుసా? మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు. ఫ్రాన్సులో ఊరి సంత పొద్దున ఎనిమిదికి మొదలై పన్నెండున్నర, ఒంటిగంటకు ముగుస్తుంది. మేము దిగేసరికి మునిసిపాలిటీ మనిషి గొట్టంతో వీధి కడుగుతున్నాడు. రాళ్ల మీద రెండు క్యాబేజీ ఆకులు, ఒక విరిగిన చెక్క పెట్టె. ‘సంత అయిపోయిందండీ, ఫొటోలు తీసుకోండి, ఇరవై నిమిషాలు’ అన్నాడు మా గైడు. దేనికి ఫొటో? క్యాబేజీ ఆకుకా? బస్సులో కూర్చుని, పొట్లాల్లో తెచ్చిన పులిహోర తిని, అక్కడి నుంచి కదిలాం. పులిహోర బాగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. కానీ పులిహోర తినడానికి అంత దూరం వెళ్లాలా?

ఆ తర్వాత మా అమ్మాయికి ఆ ప్రోవాన్స్‌లోనే అవిన్యోన్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వీసా తొంభై రోజులిస్తే, తొంభై రోజులూ అక్కడే ఉన్నాను. పారిస్ నుంచి వేగం రైలులో రెండు గంటల నలభై నిమిషాలు. ఇక్కడ ఒక చిన్న చరిత్ర పాఠం, విసుక్కోకండి. 1309 నుంచి 1377 దాకా పోపులు రోములో కాకుండా ఈ అవిన్యోన్‌లో ఉన్నారు. పోపు అంటే తాలింపు కాదు, నవ్వకండి. మావారు మాత్రం వాళ్లు ఉన్న కోట చూసినంతసేపూ ఇదే హాస్యం ఆడారు. పోపులు వెళ్లిపోయినా చుట్టుపక్కల భూములు 1791 దాకా వాళ్ల ఏలుబడిలోనే ఉన్నాయి. రోము దగ్గర కాంటలూపో అనే చోట వాళ్లకు తోటలుండేవని, ఖర్బూజా గింజలు అక్కడి నుంచే ఇక్కడికి వచ్చాయని చెబుతారు. ఆ గింజలు బాగా నాటుకున్న ఊరి పేరు కవయ్యోన్. అవిన్యోన్ నుంచి చిన్న రైలు ఉంది. పక్కనే డ్యూరాన్స్ నది. 12వ శతాబ్దంలోనే ఆ నది నుంచి కాలువ తవ్వుకున్నారు. మండే ఎండ, కాలువ నీళ్లు, ఒండ్రు నేల. కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, ఇంకేం చెప్పాలి నాకు?

కవయ్యోన్‌లో సంత సోమవారం. మన దగ్గర ఏ ఊరి సంత ఏ వారమో ముసలమ్మలకు నోటికి వచ్చినట్టే, అక్కడ కూడా శుక్రవారం కార్పెంట్రా, శనివారం ఆప్ట్, ఆదివారం సోర్గ్ నది మీది ఈల్. ప్రయాణం ఏర్పాటు చేసుకునేవాళ్లు తారీఖులు చూసుకుంటారు, వారాలు చూసుకోరు. తప్పు అక్కడే జరుగుతుంది.

మొదటి సోమవారం ఏం జరిగిందో చెబుతాను. జూలై. పెద్ద గొడుగుల కింద బల్లలు, బల్లల మీద ఖర్బూజాలు గుట్టలుగా. బంతి అంత, లేత ఆకుపచ్చ, మీద ముదురు చారలు. వాసన వీధి మొదట్లోనే తగిలింది. నేను నేరుగా వెళ్లి, అలవాటు కదా, ఒకటి తీసి నొక్కాను, ఇంకొకటి తీసి వాసన చూశాను, మూడోది చెవి దగ్గర పెట్టి తట్టాను. బల్ల వెనక అరవై ఏళ్లాయన, మోచేతుల దాకా ఎండకు కమిలిన చేతులు. నా చేతిలోంచి మెల్లగా పండు తీసుకుని, దాని చోట దాన్ని పెట్టి, నా కళ్లలోకి చూస్తూ గట్టిగా ‘బోన్‌జూర్, మదామ్’ అన్నాడు. మా అమ్మాయి నేలలోకి కుంగిపోయింది.

ఆ మాటకు అర్థం నమస్కారం. ఆయన అన్న తీరుకు అర్థం వేరు: ‘పలకరింపు లేకుండా నా పండు మీద చెయ్యేమిటి?’ నిజమే కదా? ఎవరింటికైనా వెళ్లి ‘బాగున్నారా’ అనకుండా వంటగదిలోకి పోతామా? నేనూ ‘బోన్‌జూర్, మొస్యూ’ అన్నాను. వెంటనే ఆయన ముఖం మారిపోయింది. తర్వాత నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది: ‘ఎప్పటికమ్మా? మధ్యాహ్నానికా, రాత్రికా, రేపటికా?’

నాకు ఒళ్లు మండింది. నేను ఎప్పుడు తింటే ఈయనకెందుకు? మధ్యాహ్నానికే అన్నాను, కోపంగా. ఆయన గుట్టలో వెతికి, రెండు చేతులతో రెండు పండ్లు తూచి చూసి, ఒకటి పక్కన పెట్టి, రెండోది నా ముందు తిప్పి చూపించాడు. బరువుగా ఉండాలి. చారలు పది ఉండాలి. ఆ తర్వాత తొడిమ. దాన్ని అక్కడివాళ్లు ‘పెకూ’ అంటారు, వాళ్ల ప్రోవాన్స్ మాట. తొడిమ చుట్టూ వెంట్రుకంత సన్నటి పగులు. పగులులో ఒక తేనె బొట్టు లాంటి తడి. బొటనవేలితో అలా తాకాడు, తొడిమ ఊగింది. లాగలేదు, కోయలేదు. ‘ఇది మధ్యాహ్నానికి’ అన్నాడు. పక్కన పెట్టిన దానికి పగులు సగం దాకానే వచ్చింది. అది రేపటికట. రెండూ తీసుకున్నాను.

నేను అలా నిలబడిపోయాను. మా నాన్నగారు రోజూ పొద్దున మృత్యుంజయ మంత్రం చదివేవారు. ‘ఉర్వారుకమివ బంధనాన్’ దగ్గర ఆపి, చిన్నపిల్లలం కదా, మాకు అర్థం చెప్పేవారు. పండిన దోసపండు తొడిమ నుంచి తనంత తాను విడివడినట్టు నన్ను మృత్యువు నుంచి విడిపించు, అని. మా పెరట్లో దోసపాదు ఉండేది. పండు పగిలి, తొడిమ వదిలి, తెల్లవారేసరికి ఆకుల మధ్య పడి ఉండేది. ‘ఇదిగో, మంత్రం’ అని చేతికిచ్చి, చిదిపి బెల్లం వేసి పెట్టేవారు. ఆయన పోయి ముప్ఫై ఏళ్లు. ఆ రోజు కవయ్యోన్ వీధిలో ఎవరో ముక్కూ ముఖం తెలియనాయన బొటనవేలితో నాకు అదే మంత్రం చెప్పాడు. ఉపమానం కోసం చెప్పడం లేదు. మనం పప్పులో వేసే పసుపు దోసకాయా ఆ ఖర్బూజా వృక్షశాస్త్రంలో ఒకే జాతి, పేరు కూడా ఒకటే, కుకుమిస్ మెలో.

బేరం కూడా ఆడాను, దాచను. ఒక్క సెంటు తగ్గలేదు. అక్కడ కూరల సంతలో బేరం ఆడటం మర్యాద కాదు. కానీ వచ్చేటప్పుడు అడగకుండానే సంచిలో ఒక కట్ట ఆకులు పడేశాడు. కొసరు! అక్కడ బేరం లేదు, కొసరు ఉంది. మన దగ్గర ఇప్పుడు బేరమే మిగిలింది, కొసరు పోయింది. కాదంటారా? చెయ్యి ఎత్తండి చూద్దాం. ఒక్కరూ ఎత్తలేదు.

ఆ ఆకులు చూసి ఇంకో చిక్కు. వాసన చూస్తే తులసే. మా అమ్మాయి దాన్ని వెల్లుల్లి, ఆలివ్ నూనెతో రోట్లో నూరుతుంటే నేను చేతిలోంచి పొత్రం లాగేసుకున్నాను. తులసిని వెల్లుల్లితోనా! ‘అమ్మా, ఇది సబ్జా గింజల మొక్క’ అంది. తులసికి చుట్టం, అంతే. ఆ ముద్దను వాళ్లు పిస్తూ అంటారు. చిక్కుళ్లు, బీన్సు, గుమ్మడి జాతి కాయలు ఉడికించిన పులుసులో చివర్లో కలుపుతారు. శాకాహారులు అక్కడ ఆకలితో చస్తారని ఎవరో రాశారు, వాళ్లు ఆ పులుసు తాగలేదు. నీస్‌లో శనగపిండితో పెద్ద రాగి పళ్లెం మీద కట్టెల పొయ్యిలో అట్టు కాలుస్తారు, సొక్కా అని. మిరియప్పొడి చల్లి చేతిలో పెడతారు. బనోన్ అనే కొండ ఊరిలో మేకపాల జున్ను లాంటి చీజ్‌ను చెస్ట్‌నట్ ఆకుల్లో చుట్టి నారతో కట్టి అమ్ముతారు. విప్పుతుంటే ఆకుదోనె విప్పినట్టే. పాలను పశువు కడుపులోంచి తీసిన రసం వేసి విరుస్తారని మా అమ్మాయి నేను తిన్న తర్వాత చెప్పింది. ముందే చెప్పకపోవడం దాని మంచితనం.

మధ్యాహ్నం ఆ ఖర్బూజా కోశాం. అక్కడ పండు భోజనానికి ముందు తింటారు! మా అమ్మాయి స్నేహితురాలు ముక్క మీద మిరియప్పొడి చల్లుకుంది. నేను బెల్లం అడిగాను. ఇద్దరం ఒకరినొకరు జాలిగా చూసుకున్నాం. రేపటికి అన్న పండు రేపు కోశాం. సరిగ్గా రేపటికే పండింది. మరుసటి సోమవారం వెళ్లి ఆయనతో ఆ మాట చెబితే, భుజాలెగరేసి నవ్వాడు. దానికేముంది అన్నట్టు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. అయిదు నిమిషాలు. ఈ గ్రంథాలయంలో ఈ పండు కథ ఎందుకంటే, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

1864లో కవయ్యోన్ ఊరి గ్రంథాలయం వాళ్లు అలెగ్జాండర్ డ్యూమాను పుస్తకాలు ఇమ్మని అడిగారు. అప్పటికి ఆయన ప్రపంచమంతా తెలిసిన నవలాకారుడు, అంతకంటే పెద్ద తిండిప్రియుడు. నా పుస్తకాలన్నీ పంపుతాను, బదులుగా నేను బతికినంతకాలం ఏటా పన్నెండు కవయ్యోన్ ఖర్బూజాలు పంపండి, అని షరతు పెట్టాడు. పురపాలక సంఘం ఒప్పుకుంది. ఆయన 1870లో పోయేదాకా పండ్లు వెళ్లాయి. పుస్తకాలు ఊరికి వచ్చాయి. ఎవరూ ఎవరికీ శాలువా కప్పలేదు, గమనించండి.

మీలో ఫ్రాన్సు వెళ్లగలిగినవాళ్లు ఎందరో ఉన్నారు, పిల్లలు అక్కడ చదువుతున్నవాళ్లూ ఉన్నారు. దయచేసి పదకొండు రోజుల్లో అయిదు దేశాలు తిరగకండి. ఒక చిన్న ఊళ్లో వారం ఉండండి. సంత ఏ వారమో కనుక్కుని తొమ్మిదికల్లా వెళ్లండి. బల్ల దగ్గర ముందు నోరు తెరవండి, తర్వాత చెయ్యి చాపండి. ‘ఎప్పటికి?’ అని అడిగితే కోపం తెచ్చుకోకండి. భోజనానికి పన్నెండున్నరకు కూర్చోండి. రెండు దాటితే చాలా చోట్ల వంటింటికి తాళం. నేను రెండున్నరకు వెళ్లి గాజు తలుపు మీద మొహం ఆనించి నిలబడ్డాను, లోపల వంటమనిషి తను తింటున్నాడు.

చాలు. ఇక శాలువా సంగతి. మా ఇంట్లో నాలుగు వందల పుస్తకాలున్నాయి. మావారి పుస్తకాలు కూడా కలిపే చెబుతున్నాను, ఆయన మూడో వరసలో ఉన్నారు, ఈ విషయం ఇప్పుడే వింటున్నారు. అన్నీ ఈ గ్రంథాలయానికి ఇచ్చేస్తాను. షరతు ఒకటే. ఏటా వేసవిలో పన్నెండు దోసపండ్లు మా ఇంటికి పంపాలి. శీతలగిడ్డంగివి కాదు, పాదు మీద పండినవి. కార్యదర్శి గారు తల అడ్డంగా ఊపుతున్నారు, పద్దు ఎక్కడ రాయాలని కాబోలు. పన్నెండు బరువైతే ఆరుకు ఒప్పుకుంటాను. తొడిమ మాత్రం చూసి తెండి.