రూర్‌లో చిమ్నీలు మిగిలాయి, మరి వీధులు?

అందరికీ నమస్కారమండి. ఈసారి కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ చాలామంది ఉన్నారు, జర్మనీలో మన రూర్ ఏరియాలో చూడాల్సినవి ఏంటో చెప్పమన్నారు. ఎసెన్, బోకుమ్, డ్యూయిస్‌బుర్గ్, డోర్ట్‌మండ్, ట్రైన్‌లో ఒకదాని వెనక ఒకటి వచ్చే ఈ ఊర్లన్నీ ఒకప్పుడు బొగ్గూ ఉక్కుతోనే బతికాయి. మీలో కొత్తగూడెం, గోదావరిఖని వైపు వాళ్లకి బొగ్గుబాయి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఆఖరి బాయి 2018 డిసెంబర్‌లో బోట్రాప్‌లో మూతపడింది, అంతే, ఇక లేదు.

ముందు ఎసెన్‌లో 107 నంబర్ ట్రామ్ ఎక్కండి. దక్షిణాన బ్రేడెనైలో మొదలుపెడితే అన్నీ పెద్ద పెద్ద ఇళ్లు, చెట్లు, అక్కడికి దగ్గర్లోనే ఉక్కు ఫ్యాక్టరీల ఓనర్లు క్రుప్ ఫ్యామిలీ కట్టుకున్న విల్లా హ్యూగెల్ ఉంది, 269 గదులట, ఊడ్చేవాళ్లని తలుచుకుంటేనే జాలేస్తుంది. తర్వాత మెయిన్ స్టేషన్ దగ్గర ఏ40 హైవే వస్తుంది, ట్రామ్ ఆ ముక్క టన్నెల్లో పోతుంది కాబట్టి మీకు కనపడదు, కానీ ఈ ప్రాంతంలో డబ్బున్నోళ్లకీ లేనోళ్లకీ మధ్య గీత అదే అంటారు. అది దాటి ఉత్తరానికి పోతే త్సోల్‌ఫెరైన్ గని వస్తుంది. 1932లో తెరిచిన 12వ షాఫ్ట్, అంటే కిందికి దిగే బాయి, దాని మీద 55 మీటర్ల ఎత్తు ఇనుప టవర్, రోజుకి 12,000 టన్నుల బొగ్గు తీసేవాళ్లు. 1986లో మూసేశారు, 2001లో యునెస్కో లిస్ట్‌లోకి ఎక్కింది. బొగ్గు కడిగే బిల్డింగ్‌లో ఇప్పుడు మ్యూజియం, లోపల మెట్లకి నారింజ రంగు లైట్లు పెట్టారు, కరిగిన ఇనుము కిందికి కారుతున్నట్టే ఉంటుంది. చూసేసి అక్కడ్నుంచే వెనక్కొచ్చేయకండి, పక్కనున్న కాటర్న్‌బెర్గ్ వీధుల్లో కూడా కాసేపు తిరగండి, పని పోయాక ఏం జరుగుతుందో మ్యూజియంలో కన్నా అక్కడే బాగా తెలుస్తుంది.

డ్యూయిస్‌బుర్గ్ నార్త్‌లో మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీనే పార్క్ చేశారు, టికెట్ లేదు, బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుము తీసే పెద్ద కొలిమి, పైదాకా ఎక్కొచ్చు, పాత గ్యాస్ ట్యాంక్‌లో నీళ్లు నింపి డైవింగ్ నేర్పిస్తున్నారు. మీ ఫోటోలకి అది చాలు.

నన్నడిగితే మాత్రం డోర్ట్‌మండ్‌లో హోర్డె చూడమంటా. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ 2001లో మూతపడితే మొత్తం ఒక చైనా కంపెనీ కొనుక్కుంది, వాళ్ల వర్కర్లే వచ్చి నట్టూ బోల్టూ విప్పి ఓడల్లో పట్టుకుపోయారు. మిగిలిన గొయ్యిలో 2010లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు, ఇప్పుడది 24 హెక్టార్ల చెరువు, పడవలు, కాఫీ షాపులు, ఒడ్డున తెల్లటి ఖరీదైన ఇళ్లు. ఉక్కు తయారుచేసిన పెద్ద కుండ ఒకటి గుర్తుకి ఒడ్డున నిలబెట్టారు. బాగుంది, నేనూ ఆదివారాలు వెళ్తా, కానీ ఆ కుండ దగ్గర చెమటోడ్చినోళ్ల పిల్లల్లో ఎంతమందికి ఆ ఒడ్డున ఇల్లు కొనే తాహతుందో మీరే ఆలోచించండి. రూర్‌లో ఇనుముని కాపాడటం తేలికే అయింది, దాని చుట్టూ బతికినోళ్ల వీధుల్ని కాపాడటమే కష్టమైంది.

అలా కాపాడుకున్న వీధి ఒకటుంది, ఒబెర్‌హౌజెన్‌లో ఐజెన్‌హైమ్. 1846 నుంచి కట్టిన కార్మికుల కాలనీ, రూర్‌లో ఇదే పాతది. చిన్న ఇటుక ఇళ్లు, వెనక కూరగాయల దొడ్డి, పావురాల గూళ్లు. 1970ల్లో కూల్చేసి పెద్ద అపార్ట్‌మెంట్లు కడదామనుకుంటే అక్కడ ఉండేవాళ్లే అడ్డం తిరిగారు, ఏళ్ల తరబడి కొట్లాడి గెలిచారు, బట్టలుతికే పాత షెడ్డుని కాలనీ మీటింగ్ హాల్ చేసుకున్నారు. పెద్ద ఆర్కిటెక్ట్ ఎవరూ లేరండి ఇందులో, అందుకే నాకిష్టం.

ఇంకోటి, మీరు నిలబడ్డ నేల సంగతి. కింద తవ్వీ తవ్వీ ఎసెన్‌లో కొన్నిచోట్ల 20 మీటర్లకి పైగా కుంగిపోయింది. గనులు మూసినా నీళ్లు తోడే పంపులు ఆపడానికి లేదు, ఆపితే చాలా పేటలు నీళ్లలోకి పోతాయి. ఎమ్షర్ నది కూడా ఇందుకే మురిక్కాలువైంది, నేల కుంగుతుంటే లోపల పైపులు వేసినా పగిలిపోతాయని మురుగంతా పైనే వదిలేశారు, గనులు పోయాకే 51 కిలోమీటర్ల మురుగు కాలువ భూమిలో వేశారు, 2022 నుంచి నదిలోకి మురుగు రావట్లేదు. ఇప్పుడు గట్టు మీద సైకిల్ తొక్కుకోవచ్చు.

ఐజెన్‌హైమ్ వెళ్లినప్పుడు ఒక మాట, అక్కడ ఇప్పటికీ జనం కాపురాలు చేసుకుంటున్నారు, ఫోన్ పట్టుకుని కిటికీల్లోకి తొంగి చూడకండి. దాహమేస్తే వీధి చివర కియోస్క్ దొరక్కపోదు, అప్పట్లో కార్మికులకి మంచినీళ్లమ్మిన కొట్లే అవి, ఇప్పుడు బీరు, పేపరు, చిల్లరకి చాక్లెట్లు. కార్డు తీసుకుంటారో లేదో, చిల్లర జేబులో పెట్టుకోండి.