పాత డ్రిల్ ప్రెస్ వణుకుతోందా? రంగు డబ్బా తెరిచే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. ఇదిగో, ఈ డ్రిల్ ప్రెస్ నా దగ్గరికి వచ్చినప్పుడు స్తంభం నిండా తుప్పు, బెల్టు ఎండి పగుళ్లిచ్చింది, హ్యాండిల్ తిప్పితే చక్ (రంధ్రం చేసే బిట్టును పట్టుకునే భాగం) కిందికి దిగుతుంది గానీ తిరిగి పైకి లేవదు. ఇలాంటిది ఇంటికి రాగానే చాలామంది ముందు రంగు గీకడం మొదలుపెడతారు. దయచేసి అది ఆఖర్న పెట్టుకోండి. ఈ మెషీన్ ప్రాణమంతా బిట్టు వణక్కుండా తిరగడంలోనే ఉంది. ఆ వణుకు ఎక్కడ పుడుతోందో చూసుకోకుండా అంతా విప్పేస్తే, మళ్లీ బిగించాక కూడా అలాగే వణుకుతుంది, అప్పుడు ఏ భాగాన్ని అనుమానించాలో కూడా తెలీదు.

ప్లగ్ తీసేశారు కదా? సరే.

చక్‌లో వంకర లేని ఉక్కు కడ్డీ బిగించి, దానికి డయల్ గేజ్ (ఎంత కదిలిందో ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి, పుల్లీని చేత్తోనే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి.

(క్లోజప్: గేజ్ ముల్లు)

చూశారా, ముల్లు 0.30 మిల్లీమీటర్లు ఆడుతోంది. బేరింగులు పోయాయనే నేనూ అనుకున్నాను. కానీ స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) పక్కనున్న పొడవాటి గాడిలో డ్రిఫ్ట్ (ఒకవైపు సన్నబడే ఇనుప పట్టీ) పెట్టి ఒక్క దెబ్బ వేసి చక్ ఊడదీసి (కింద మందపాటి గుడ్డ పరవండి), గేజ్ మొనను స్పిండిల్ లోపలి గోడకే ఆనించి తిప్పితే 0.02 మాత్రమే. అంటే స్పిండిల్, బేరింగులు బాగానే ఉన్నాయి. తప్పంతా వాటికీ చక్‌కీ మధ్యలో ఉంది.

ఆ మధ్యలో ఉండేదే మోర్స్ టేపర్. ప్రతి 20 మిల్లీమీటర్ల పొడవుకి దాదాపు 1 మిల్లీమీటర్ సన్నబడే శంకువులాంటి ముక్క అది, మరలూ పిన్నులూ లేకుండా రాపిడితోనే పట్టు బిగిస్తుంది. అందుకే లోపల గట్టిపడిన గ్రీజు పొర ఉన్నా, ఒక్క ఇనుప రజను ఇరుక్కున్నా చక్ ఓ పక్కకి ఒరుగుతుంది. పైన వెంట్రుకవాసి తేడా, బిట్టు కొసకి వచ్చేసరికి కంటికి కనిపించేంత అవుతుంది.

(క్లోజప్: టేపర్ మీద చిన్న గాటు)

ఇక్కడ గోటితో రాస్తే తగులుతోంది. ఎప్పుడో చక్ జారి తిరిగినప్పుడు పడ్డ గాటు, దాని అంచు పైకి లేచి ఉంది. నున్నటి సానరాయితో ఆ లేచిన అంచు మాత్రమే తీయండి. ఎమరీ కాగితం చుట్టి మొత్తం రుద్దితే కోణమే పాడవుతుంది, ఇక దాన్ని బాగుచేయలేం. తర్వాత లోపలా బయటా కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె రాయకుండానే ఎక్కించాలి. చక్ దవడలు పూర్తిగా లోపలికి తిప్పి, కింద చెక్కముక్క పెట్టి హ్యాండిల్‌తో గట్టిగా నొక్కితే చాలు. మళ్లీ గేజ్ పెడితే 0.06.

ఇక హ్యాండిల్ పైకి లేవకపోవడం. పక్కన గిన్నెలాంటి మూతలో గడియారం స్ప్రింగులా చుట్టిన పట్టీ ఉంటుంది, దీంతో మాత్రం చాలా జాగ్రత్త. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, మూతను గట్టిగా పట్టుకుని, మెల్లగా ఒక్కో గాడీ వదులుతూ రండి, చేయి జారితే వేళ్లు తెగుతాయి. నా మెషీన్‌లో స్ప్రింగు కొక్కెం ఊడింది, అంతే.

చిన్న భాగాల తుప్పుకి లీటరు నీళ్లలో 50 నుంచి 100 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి నానబెట్టండి. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగును మాత్రం అందులో వేయొద్దు, యాసిడ్‌తో ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది. స్తంభానికి కిరోసిన్, స్క్రబ్బర్ చాలు.

కొత్త బెల్టు వేసి, 10 మిల్లీమీటర్ల బిట్టుకి నిమిషానికి 800 చుట్ల దగ్గర్లో ఉండే పుల్లీ మెట్టు ఎంచుకున్నాను, మెత్తటి ఇనుముకి అది సరిపోతుంది. ముక్కని వైస్‌లో బిగించండి, చేతికి గ్లౌజులు వద్దు, చక్ బిగించే తాళంచెవి దాన్నుంచి తీశారో లేదో చూసుకోండి.

(క్లోజప్: బిట్టు ఇనుములోకి దిగుతోంది)

చూడండి, బిట్టు రెండు అంచుల నుంచీ ఒకే మందంతో చుట్టలు చుట్టలుగా లేస్తోంది ఇనుము. మొన్నటిదాకా ఒక్క పక్కనుంచే వచ్చేది.